బోణీ బండి

ధనమ్మకు పొద్దున కళ్లు తెరిచింది మొదలు ఏదో ఒకటి నెత్తిన పడబోతోందనే ఉంటుంది. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తుంది. తిరుత్తణి కొండ కింద తమకున్న పూజాసామాన్ల అంగట్లో కర్పూరం డబ్బాలకూ దీపానికీ మధ్య జానెడు చోటు చాలదని మొగుడు దొరస్వామితో రోజూ తగువు పెట్టుకుంటుంది. రైలు దిగేవాళ్ల కాళ్లు ఎక్కడ జారతాయోనని చూస్తుంది గానీ మొహాలు చూడదు. ఆమె భయాలకు ఇంట్లో విలువ పోయి చాలా ఏళ్లయింది. కొడుకు గుహన్ నవ్వేస్తాడు. దొరస్వామి నవ్వను కూడా నవ్వడు, అసలు వినడు.

అలాంటి మనిషి కడుపున పుట్టినవాడు కార్ల ఇంజన్లకు బలం పెంచే పని పెట్టుకుంటానంటే ఆమెకు నిద్ర ఎట్లా పడుతుంది? గుహన్ డిప్లొమా చదివి, చెన్నైలో అదే పని చేసే పెద్ద షెడ్డులో కొన్నేళ్లు చేతులు నలుపు చేసుకుని, తిరువళ్లూరులో సొంతంగా మొదలుపెడతానని వచ్చాడు. ధనమ్మ అన్న గోవిందస్వామికి ఊరి బయట, తిరుత్తణి రోడ్డు మీద, ఒకప్పుడు వడ్లు పోసుకున్న రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. మేనల్లుడు అడగ్గానే బాడుగ మాట ఎత్తకుండా తాళంచెవి చేతిలో పెట్టాడు. గుహన్ అందులో నేల తవ్వించి ఇనుప రోలర్లు దింపించాడు. దాన్ని డైనో అంటారు. కారును వాటి మీద ఎక్కించి పట్టీలతో కట్టేస్తే, ఉన్నచోటనే ఉండి రోడ్డు మీద పరుగెత్తినట్టు పరుగెత్తుతుంది. ఇంజనుకు ఎంత సత్తువ ఉందో పక్కనున్న కంప్యూటరు చెబుతుంది.

ధనమ్మ రోజూ అన్నం క్యారియరు పట్టుకుని తిరుత్తణి నుంచి రైల్లో వచ్చేది. వాడు తింటుంటే ఎదురుగా కూర్చుని ఒకటే అడిగేది, ఇందులో ఏది ఎట్లా చెడిపోతుందో ముందు చెప్పు అని. చెడు ఏదో తెలిస్తే గానీ ఆమెకు ఊపిరి ఆడదు. గుహన్ విసుక్కోకుండా చెప్పేవాడు. కారు బుర్రలో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. ఎంత డీజిలు పోయాలి, టర్బో అనే ఫ్యాను ఎంత గాలి కుక్కాలి అన్నది అదే చూసుకుంటుంది. ఆ లెక్క మారిస్తే అదే ఇంజను ఇంకాస్త గట్టిగా లాగుతుంది. అదే రీమ్యాపు.

"అట్లయితే ఆ కంపెనీవాడే ముందుగా మార్చి అమ్మొచ్చు గదరా" అంది ధనమ్మ ఒకరోజు.

గుహన్ ముద్ద ఆపి తల్లి వైపు మెచ్చుకోలుగా చూశాడు. "కంపెనీవాడికీ నీ మాదిరే భయం జాస్తిమా. వాడి బండి అన్ని ఊర్లలో తిరగాల. కల్తీ డీజిలు పోసేవాడి చేతిలోనూ బతకాల, ఆయిలు మార్చనోడి చేతిలోనూ బతకాల. అందుకని ఇంజన్లో కొంచెం మిగిల్చి పెడతాడు. నేను తీసుకునేది ఆ మిగులులోంచే. అంతా తీసేసుకుంటే పిస్టను కరిగిపోతాది."

అందుకే కారు రాగానే లెక్కలు ముట్టుకోడట. ముందు ఆయిలు చూస్తాడు, గాలి గొట్టాలు ఎక్కడైనా చిల్లులు పడ్డాయేమో చూస్తాడు, స్కానరు తగిలించి నాలుగు సిలిండర్లూ సమానంగా ఊపిరి పీలుస్తున్నాయా లేదా అని చూస్తాడు. ఆయిలు బాగా వేడెక్కేదాకా యాక్సిలరేటరు గట్టిగా తొక్కడు. ముందర పెద్ద ఫ్యాను పెట్టి గాలి కొట్టిస్తాడు. పొగ ఎంత వేడిగా పోతోందో కన్నార్పకుండా చూస్తాడు. అయిపోయాక టర్బో చల్లబడేదాకా ఊరికే తిరగనిచ్చి అప్పుడు ఆపుతాడు. వీటన్నిటికీ ముందు ఒక కట్టడి పెట్టుకున్నాడు. ముందే నీరసపడిన ఇంజన్లో మిగులు ఉండదు, అది రోలర్ల మీదికి ఎక్కదు. ఎవురిదైనా సరే అనేవాడు.

ఆ మాట విన్న రోజున ధనమ్మ రైల్లో కాస్త కునుకు తీసింది.

షెడ్డు తెరిచింది ఒక శుక్రవారం. అయ్యవారు వచ్చి పూజ చేశాడు, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు, రోలర్లకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. గోవిందస్వామి తెల్లచొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. దొరస్వామి అంగడి మూసి వచ్చాడు. అందరూ మొదటి కారు కోసం చూస్తున్నారు. అది గోవిందస్వామి కొడుకు హర్షవర్ధన్‌ది. పెద్ద నల్ల డీజిలు బండి, చెన్నైలో సెకండు హ్యాండులో కొన్నాడు. మొదటి బండి నాదే అని ఎప్పుడో చెప్పి పెట్టుకున్నాడు. ఆ పొద్దున కొండ మీదికి తీసుకెళ్లి దండ వేయించుకుని, ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని వచ్చాడు.

గుహన్ దండ తీసి పక్కన పెట్టి, అలవాటు ప్రకారం స్కానరు తగిలించాడు. మూడో సిలిండరు మిగతా వాటికంటే బాగా నీరసంగా ఉంది. ఇంజను నడుస్తుండగానే ఆయిలు మూత విప్పాడు. ఇడ్లీ కుండ మూత తీసినట్టు గుప్పున ఆవిరి పొగ వచ్చింది. అది రాకూడని పొగ అని ధనమ్మకు కూడా అర్థమైంది, ఎందుకంటే గుహన్ మూత మళ్లీ పెట్టడం మరిచిపోయి అట్లే నిలబడిపోయాడు.

"బావా, ఈ ఇంజను అరిగిపోయిండాది. ముందు విప్పి పిస్టను రింగులు మార్చాల. ఇట్లా ఎక్కిస్తే తట్టుకోదు."

హర్షవర్ధన్ మనిషి చెడ్డవాడు కాదు. మొహం కొంచెం వాడింది గానీ, మేనత్త కొడుకును ఎప్పటిలాగే అరవంలో మచ్చా అని పిలిచి తల ఊపాడు. "అమ్మినోడు ఏమార్చినాడన్నమాట. సరే మచ్చా, పోనీ. విప్పేటప్పుడు విప్పుదాం. ఇప్పటికి ఇంటికి తోలుకుపోతా." తాళంచెవి కోసం చెయ్యి కూడా చాపాడు.

అక్కడితో అయిపోయి ఉండాల్సింది. కానీ ధనమ్మ అడ్డం వచ్చింది.

ఆమె పుట్టింది అంగడి ఇంట్లో, మెట్టింది అంగడి ఇంట్లో. ఏ రోజైనా మొదటి బేరాన్ని వట్టి చేతులతో పంపడం ఆమె ఎరగదు. అడిగిన ధరలో సగమే ఇస్తానన్నా సరే, తిట్టుకుంటూనైనా ఇచ్చి పంపుతుంది. మొదటి మనిషి కొనకుండా వెళ్లిపోతే ఆ పూట ఆమెకు అన్నం దిగదు. అది ఒక్క రోజు బోణీ సంగతి. ఇది కొడుకు బతుకంతటికీ బోణీ. పసుపు పూసిన రోలర్ల మీదికి ఎక్కకుండా, పూజకు వచ్చిన మొదటి బండి వెనక్కి తిరిగిపోతే ఇంక ఈ షెడ్డులోకి ఎవరు వస్తారు? ఇంజను పోతుందన్న భయం ఆమెకు లేకపోలేదు. దానికంటే ఈ భయం పెద్దదయింది.

బోణీ బండిని తిప్పి పంపకూడదని ఆమె గట్టిగానే చెప్పింది. గుహన్ కుదరదన్నాడు. మార్పేం చేయొద్దు, ఊరికే ఎక్కించి దించు అంది. అయ్యవారు కూడా అదే మంచిదన్నాడు. దొరస్వామి ఏమీ అనలేదు, అంటే సరేనన్నట్టే. గుహన్ చుట్టూ చూసి, కంపెనీ లెక్కలతోనే, మెల్లగా, ఒక్కసారి తిప్పి దించేస్తానని ఒప్పుకున్నాడు.

తిప్పాడు. ఏమీ కాలేదు. కంప్యూటరులో గీత పైకి పోయి ఆగింది. కంపెనీ చెప్పిన సత్తువ కంటే అది చాలా తక్కువ. స్నేహితుల్లో ఒకడు ఎద్దుబండే మేలని నవ్వాడు. హర్షవర్ధన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా జేబులోంచి పర్సు తీశాడు. గుహన్ వద్దన్నాడు. పని చేయలేదు, తూకం వేసి చూపించాను, అంతే, దానికి డబ్బులు తీసుకోను అన్నాడు. వాడి మాట వాడిదే.

ధనమ్మ ఆ పర్సు వైపే చూస్తోంది. చేతిలో పైకం పడకపోతే అది బోణీ ఎట్లా అవుతుంది? ఎక్కినట్టా, ఎక్కనట్టా? అక్కడున్నవాళ్లలో ఈ సంగతి పట్టింది ఆమె ఒక్కదానికే. కొడుకును పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుంది.

"ఒక్క రవ్వ ఎక్కువ పెట్టి, పని చేసినాను అనిపించుకుని, వాడి చేత్తో నూటొక్కటి తీసుకో నాయనా. అన్నంలో ఉప్పు వేసినంత చాలు. నువ్వు జాగ్రత్త తెలిసినోడివి గదా."

"అమ్మా, ఎప్పుడూ వద్దు వద్దు అనే నువ్వేనా ఇట్లా చెప్పేది?"

"నేనే. వద్దని ఒకటి తిప్పి పంపిస్తే అన్నీ తిరిగిపోతాయిరా."

వాడు ఆమె మొహం వైపు చూశాడు. తన తల్లి, దేనికైనా వద్దనే తల్లి, చెయ్యమంటోంది. ఆ మాటకు వాడి దగ్గర ఎంత బరువు ఉంటుందో ధనమ్మకు ఆ క్షణంలో తోచలేదు.

గుహన్ లెక్కలు మార్చాడు. నిజంగానే ఉప్పు వేసినంతే మార్చాడు. ఆయిలు వేడెక్కేదాకా ఆగాడు. ఫ్యాను పూర్తిగా పెట్టాడు. పట్టీలు రెండోసారి లాగి చూశాడు. అందరినీ గుమ్మం అవతలికి పంపి సీట్లో కూర్చున్నాడు. వాడు చేయాల్సిన వాటిలో ఒక్కటీ వదల్లేదు. చేయకూడనిది ఒక్కటే చేశాడు.

రోలర్లు గాలిమర మాదిరి రొద చేశాయి. సగం దాకా పోయాక టక్కున ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు, అటక మీద కొబ్బరికాయ దొర్లినట్టుంది. గుహన్ వెంటనే కాలు తీశాడు. ఇంజను జోరు మాత్రం తగ్గలేదు. తాళం కట్టేశాడు. అప్పటికీ తగ్గలేదు, పెరిగింది. వెనక గొట్టంలోంచి తెల్లని పొగ షెడ్డు నిండా కమ్ముకుంది. లోపల పిస్టను పగిలి, ఇంజను తన ఆయిలును తానే తాగి మండించుకుంటోంది. డీజిలు ఇంజను అట్లా మొదలుపెడితే తాళంతో పనిలేదు, గాలి ఆపాల. గుహన్ దూకి బానెట్టు ఎత్తాడు, గాలి డబ్బా మూత పీకేశాడు, అయ్యవారు కూర్చున్న పూజపీట తీసి ఆ నోటి మీద రెండు చేతులతో అదిమాడు.

ధనమ్మ పొగలోకి పరుగెత్తబోతే దొరస్వామి పట్టుకున్నాడు. ఆమె ఏళ్ల తరబడి ఊహించుకున్నవి అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగాయి. మంటలు, తెగిన పట్టీ, కొడుకు చేతులు. ఇంజను ఊపిరాడక కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. గుహన్ బయటికి నడిచి వచ్చాడు. వాడికి ఒక్క గాటు కూడా లేదు. ఆమె వాడి వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూసుకుంది, అన్నీ ఉన్నాయి. కానీ వాడు ఆమె వైపు చూడలేదు. కారు వైపు కూడా చూడలేదు. తన చేతులకేసి చూసుకుంటున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

పరవాలేదు మచ్చా అని హర్షవర్ధన్ అప్పటికప్పుడు అన్నాడు. అయితే అతని స్నేహితుడి ఫోను మొదటి నుంచీ తీస్తూనే ఉంది. తిరువళ్లూరు డైనో ఎక్కితే బండి గతి ఇదే అని అరవంలో రాసి, పొగలో పీట పట్టుకున్న గుహన్ బొమ్మను సాయంత్రంలోగా ఊరంతా తిప్పేశారు. అరక్కోణం, ఆవడి, పుత్తూరు దాకా వెళ్లింది. వస్తామన్నవాళ్లు రాలేదు. ఒకరిద్దరు ఫోను చేసి మర్యాదగా మానుకున్నారు. మిగతావాళ్లు అదీ చేయలేదు.

గుహన్ ఆ ఇంజనును విప్పి తన చేతి డబ్బుతో మొత్తం కొత్తది చేసి ఇచ్చాడు. దానికి చాలా వారాలు పట్టింది. మూడో పిస్టను నెత్తిన బొక్క పడి ఉంది. ధనమ్మ అన్నం తెచ్చినప్పుడల్లా అది బల్ల మీదే కనిపించేది. ఒక రోజు ఉండబట్టలేక, నన్ను తిట్టరా అంది. వాడు ఒక్క మాట అన్నాడు. "నువ్వు చెప్పినావు. ఎక్కించింది నేను గదమ్మా." తిట్టి ఉంటే బాగుండేది.

తిట్టింది ఆమె అన్న. తిట్టడమంటే గోవిందస్వామి గొంతు పెంచే మనిషి కాదు. వాకిట్లో మంచం మీద కూర్చుని, ఆమెకు నీళ్లు ఇప్పించి, మెల్లగా అన్నాడు. "అమ్మణ్ణీ, వాడు వద్దనే చెప్పినాడు. నా కొడుకూ పోతాననే చెప్పినాడు. నువ్వు ఎందుకు నిలబెట్టినావు?" ఆమె బోణీ అంది. ఆయనా అంగడి ఇంట్లో పుట్టినవాడే. ఆ పొద్దున షెడ్డులో తనూ కుర్చీలో కూర్చునే ఉన్నానని గుర్తొచ్చిందేమో, ఖాళీ గ్లాసు తనే అందుకుని లోపలికి వెళ్లాడు.

ఆ తర్వాత ఒక బండి వచ్చింది. ఒకే ఒకటి.

అరక్కోణంలో బట్టలంగడి నడిపే అజిత్ అనే ఆయనది. టర్బో ఉన్న చిన్న పెట్రోలు కారు. ఆయన ఆ వీడియో చూశాడట. చూసి, తాళం కట్టినా ఆగని ఇంజనును పీటతో ఆపినవాడికి పని తెలుసు అనుకున్నాడట. ధనమ్మ ఆ మాట విని కళ్లు తుడుచుకుంది. కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

గుహన్ అన్నీ చూశాడు. అది పసిబిడ్డను పెంచినట్టు పెంచిన కారు. ఆయిలు శుభ్రంగా ఉంది, సిలిండర్లు నాలుగూ సమానంగా ఉన్నాయి, గొట్టాలు గట్టిగా ఉన్నాయి. రోలర్ల మీదికి ఎక్కించి పట్టీలు కట్టాడు. ఫ్యాను పెట్టాడు. ఇంజను వేడెక్కింది. సీట్లో కూర్చున్నాడు.

తొక్కలేదు.

కాసేపటికి దిగి, మళ్లీ స్కానరు తగిలించాడు. నాలుగూ సమానమే. స్పార్కు ప్లగ్గులు విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. వాటిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మళ్లీ బిగించి, మళ్లీ కూర్చుని, చెవి బానెట్టు వైపు పెట్టి విన్నాడు. మూడోదాంట్లో ఏదో తేడాగా వినబడుతోంది అన్నాడు. అజిత్ నవ్వుతూనే, నాలుగూ సమానమని మీరే గదా తమ్ముడూ చెప్పింది అన్నాడు. గుహన్ అవునన్నాడు. మళ్లీ దిగాడు. పట్టీలు విప్పి మొదటి నుంచి కట్టాడు. అజిత్ టీ తాగి వచ్చాడు, ఫోను చూసుకున్నాడు, గడియారం చూసుకున్నాడు. నవ్వడం మానేశాడు.

ధనమ్మ గుమ్మం దగ్గర నిలబడి కొడుకు వీపు చూస్తోంది. వాడి చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. ఈ భంగిమ ఆమెకు బాగా తెలుసు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషి ఇట్లాగే ఉంటుంది. తనలో ఉన్న పురుగు వాడిలోకి ఎప్పుడు దూరిందో, ఎవరు దూర్చారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దగ్గరికి వెళ్లి, కిటికీలోంచి వంగి, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అనని మాట అంది.

"ఏమీ కాదు నాయనా. తొక్కు."

ఆ మాట ఆమె నోట్లోనే అబద్ధంలా ఉంది. గుహన్ స్టీరింగు మీదినుంచి తల ఎత్తి చూశాడు.

"నువ్వు కూడా ఏమీ కాదంటే నాకు ఇంకా భయమైతాందిమ్మా."

కోపంతో అనలేదు. ఉన్నది చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఇంజను ఆపి, అజిత్‌తో, ఈ పని నేను చేయలేనండి, చెన్నైలో నేను నేర్చుకున్న షెడ్డు ఉంది, వాళ్లు బాగా చేస్తారు అని అడ్రసు చెప్పాడు. మంచి కారు, జాగ్రత్తగా పెట్టుకోండి అన్నాడు. అజిత్ వాడి మొహం చూసి తాళంచెవి అందుకున్నాడు. కారు రోలర్ల మీదినుంచి దిగి, రోడ్డెక్కి, మెల్లగా తిరుత్తణి వైపు వెళ్లిపోయింది. దాంట్లో ఏ లోపమూ లేదని ధనమ్మకు దాని చప్పుడులోనే తెలుస్తోంది.

గుహన్ ఫ్యాను కట్టేశాడు. షెడ్డులో ఇంకే చప్పుడూ లేదు.

"మామకు చెప్పుమా. ఈ పంటకు షెడ్డులో వడ్లు పోసుకోమను" అన్నాడు. గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలో మనుషులను తీసుకుంటున్నారట, చెన్నై స్నేహితుడు ఒకడు చెప్పాడట, అక్కడ చూస్తాడట. అక్కడేం పని అని ఆమె అడిగింది. డబ్బాల్లో బోల్టులు లెక్కపెట్టి పంపడమని చెప్పాడు. యంత్రం ముట్టుకునే పని కాదులే, భయపడొద్దు అన్నాడు. ఒకప్పుడు ఆమె రోజూ దేవుణ్ణి కోరుకున్నది సరిగ్గా అలాంటి పనే.

కొన్నాళ్లు ఆగి చూద్దాం అనాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. మళ్లీ ఏదో ఒకటి చెప్పి, మళ్లీ వాడు విని, మళ్లీ ఏమవుతుందో. నోరు మూసుకుంది. వాడు గోడకు ఆనించి ఉన్న ఇనుప రేకును రోలర్ల గుంత మీద కప్పడానికి ఒంటరిగా లాగుతున్నాడు. అది ఒక్క మనిషికి లేచే బరువు కాదు. ధనమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, వెళ్లి రెండో వైపు పట్టుకుంది.